పాలియేటివ్ కేర్ పాఠం, 48 మంది పిల్లలు, 20 గంటలు: ప్రాజెక్టు డైరీ

పాలియేటివ్ కేర్ అంటే నయం కాని జబ్బుతో ఉన్నవాళ్ళకి నొప్పీ బాధా తగ్గించే సేవ. మొదట లెక్క చెప్పేస్తాను. బీఎస్సీ నర్సింగ్ నాలుగో సెమిస్టర్, 48 మంది, వయసు 19, 20. అబ్బాయిలు ఏడుగురు. టైంటేబుల్లో నాకు చిక్కింది 20 గంటలు. ఆ తర్వాత ఆరుగురి చొప్పున ఎనిమిది బ్యాచ్‌లుగా క్యాన్సర్ వార్డు పోస్టింగ్. 2021లో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ సిలబస్ మార్చినప్పుడు అడల్ట్ హెల్త్ నర్సింగ్ రెండో భాగంతో పాటు పాలియేటివ్ కేర్ మాడ్యూల్‌ని కూడా ఈ సెమిస్టర్‌లోనే పెట్టారు. కాబట్టి ప్రతి కాలేజీలోనూ ఇది ఎవరో ఒక ట్యూటర్ నెత్తిన పడుతుంది. అలా పడినవాళ్ళ కోసమే రాస్తున్నాను. మాది గోదావరి జిల్లాల్లో ఒక ఊరు. కాలేజీ పేరు, ఆసుపత్రి పేరు రాయను, రోగుల వివరాలు మార్చాను.

ఖర్చు నా జేబులోదే, అందుకే ప్రతి దశ చివర గంటలూ రూపాయలూ వేశాను.

దశ 1: స్లైడ్లు

62 స్లైడ్లు చేశాను. సిసిలీ సాండర్స్ నర్సుగా మొదలుపెట్టి, ఆసుపత్రి సోషల్ వర్కరై, ఆపైన డాక్టరై 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ (ఆఖరి దశ రోగుల ఆసుపత్రి) తెరవడం, 1993లో కోళికోడ్‌లో మొదలైన పని, 2008లో కేరళ ప్రభుత్వం పాలసీ తేవడం, హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి, తెలంగాణలో రోగుల ఇళ్ళకి వెళ్ళి సేవ చేసే 'ఆలన' బళ్ళు, అన్నీ చెప్పాను. ముందు పెట్టిన టెస్టులో 20కి సగటు 8, తర్వాత 14. ఫ్రోమెల్ట్ స్కేలు అని 30 ప్రశ్నలది ఒకటుంది, చనిపోయేవాళ్ళ దగ్గర పనిచేయడం గురించి మన మనసులో ఏముందో కొలుస్తుంది. దాన్నీ తెలుగు చేసి ఇచ్చాను. పిల్లలు దాన్ని పరీక్షలాగే రాశారు, మేడమ్‌కి ఏ జవాబు నచ్చుతుందో చూసుకుని టిక్కు పెట్టారు. ముందే మార్కులు ఎక్కువ వచ్చాయి, తర్వాత పెరగడానికి చోటే లేదు. ఆ కాగితాలు ఇప్పుడు రఫ్ వర్కుకి వాడుతున్నాం.

అసలు సంగతి వార్డులో తెలిసింది. నాలుగు గంటల పాఠం అయ్యాక ఆరుగురిని ఒక గంట తీసుకెళ్ళాను, ఊరికే చూద్దామని. నోటి క్యాన్సర్‌తో ఉన్న ఒక మామ్మగారి మంచం కాళ్ళ వైపు వరసగా నిలబడ్డారు. కేసు షీటు చేతులు మారింది. ఇరవై నిమిషాల్లో ఆవిడ ఒంటి మీద పడిన చెయ్యి ఒక్కటే, బీపీ కఫ్ కట్టడానికి. చివరికి ఒక అమ్మాయి ధైర్యం చేసి "భోంచేశారా మామ్మగారూ?" అంది. ఆవిడ ముక్కులో రైల్స్ ట్యూబ్ ఉంది, నోటితో తినలేనివాళ్ళకి కడుపులోకి ఆహారం పంపే గొట్టం. మామ్మగారు నవ్వారు, పాపం ఆ పిల్ల ఇబ్బంది పడకూడదని. ఆ అమ్మాయికి టెస్టులో 17 వచ్చాయి.

మార్చినది: 62 స్లైడ్లు 9 అయ్యాయి. మిగతావి పీడీఎఫ్ చేసి క్లాసు గ్రూపులో పడేశాను.

ఇప్పటిదాకా: 4 గంటలు, రూ.350 (జిరాక్సులు).

దశ 2: మాట్లాడటం

ఎక్కువ దెబ్బలు తిన్నది ఇక్కడే.

చెడ్డ వార్త చెప్పడానికి స్పైక్స్ అని ఆరు మెట్ల పద్ధతి ఉంది, క్యాన్సర్ డాక్టర్లు 2000లో రాసింది. జబ్బు పేరు చెప్పడం నర్సింగ్ స్టూడెంట్ పని కాదు, కానీ డాక్టరు చెప్పి వెళ్ళిపోయాక రోగి అడిగేది వీళ్ళనే. అందుకని ఆ మెట్లని తెలుగులోకి దింపి స్క్రిప్టు రాసిచ్చాను. "మీ ఆరోగ్య పరిస్థితి గురించి మీకు ఎంతవరకు తెలుసుకోవాలని ఉంది?" అని ఒక వాక్యం. కాగితం మీద బానే ఉంది. క్లాసులో ఒక అబ్బాయి ఆ మాట పైకి అనేసరికి మొత్తం క్లాసు నవ్వింది. కోర్టు నోటీసు చదివినట్టుంది. తప్పు వాడిది కాదు, నాదే. మన ఇళ్ళల్లో ఎవరూ అలా మాట్లాడరు.

రెండో పొరపాటు, రోగి వేషం తోటి పిల్లలకే ఇవ్వడం. ఫ్రెండు ముందు ఫ్రెండు చచ్చిపోతున్నట్టు నటిస్తే నవ్వు రాకుండా ఎలా ఉంటుంది? రెండో వారం నుంచి ఇద్దరిని బయటినుంచి తెచ్చాను. ఒకరు రిటైరైన స్టాఫ్ నర్సు, ఇంకొకరు మా ల్యాబ్ అటెండర్. ఆయన భార్య క్యాన్సర్‌తోనే పోయింది. ఆయన్ని అడగడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. ఆయన మాత్రం వెంటనే ఒప్పుకున్నారు, "నాకు తెలిసిందే కదా మేడమ్, నేనైతే తప్పు చెప్పను" అని.

కొలత ఇలా పెట్టాను. కుర్చీలో కూర్చున్న "రోగి" ఒకే ఒక్క మాట అడుగుతారు: "నేనింక బతకనా సిస్టరమ్మా?" ఆ మాట ముగిసినప్పటి నుంచి స్టూడెంట్ నోరు తెరిచేదాకా ఎన్ని సెకన్లో ఫోన్లో స్టాప్‌వాచ్ నొక్కాను. మొదటి రౌండులో 48 మందిలో 41 మంది మూడు సెకన్ల లోపే మాట్లాడేశారు. మొదట అన్న మాట: 33 మంది "అలా అనకండి", ఆరుగురు "ఏం కాదు, తగ్గిపోతుంది", ఒకరు "డాక్టర్‌గారిని అడగండి", ఒకరు ఏడ్చారు. మిగతా ఏడుగురు ఏం అనాలో తెలీక ఊరుకున్నారు. నిజానికి ఆ ఏడుగురే అందరికంటే నయం, కానీ ఫెయిలయ్యామని వాళ్ళే మొహాలు వేలాడేశారు.

స్క్రిప్టు చింపేసి పెట్టిన కొత్త పద్ధతి:

1. కూర్చో. నిలబడి ఏ జవాబూ చెప్పకు. స్టూలు లేకపోతే తెచ్చుకో.
2. వరస పెట్టి పిలువు. తాతగారూ, మామ్మగారూ, బాబాయిగారూ. ఏ వరసో తెలీకపోతే అమ్మా, అయ్యా. "పేషెంట్" అనే మాట మంచం దగ్గర వద్దు.
3. మనసులో ఎనిమిది అంకెలు లెక్కపెట్టు. ఈ లోపు మాట్లాడకు.
4. అప్పుడు కూడా జవాబు చెప్పకు, అడుగు: "ఎందుకలా అనిపించింది తాతగారూ?"
5. ఆయన చెప్పింది స్టాఫ్ నర్సుకి ఆయన మాటల్లోనే చెప్పు. "పేషెంట్ యాంగ్జయిటీగా ఉన్నారు" అని రాయకు.

నాలుగో మెట్టు దగ్గర చాలామందికి టెన్షన్. ఆయన నిజం చెప్పేస్తే ఏం చేయాలి మేడమ్ అని. ఏమీ చేయక్కర్లేదు, విను అంటే నమ్మరు. ట్యూటర్లం మేమే కారణం. ప్రతి ప్రొసీజర్‌కీ చివర "రికార్డ్ అండ్ రిపోర్ట్" దాకా నేర్పుతాం, ఊరికే కూర్చోవడం ఏ ప్రొసీజర్‌లోనూ ఉండదు.

మూడో రౌండుకి ఎనిమిది సెకన్లు ఆగినవాళ్ళు 29. "అలా అనకండి" అన్నవాళ్ళు 5. ఇంకోటి గమనించాను. ఆగడం నేర్చుకున్నవాళ్ళలో సగంమంది ఆ ఎనిమిది సెకన్లూ తమ చెప్పుల వంక చూస్తున్నారు. దానికి మందు ఇంకా దొరకలేదు.

కుటుంబం సంగతి వేరే. "ఆయనకి క్యాన్సరని చెప్పకండమ్మా, గుండె ఆగిపోతుంది" అని కొడుకు వరండాలో పట్టుకుంటాడు. ఈయనేమో లోపల "మావాళ్ళకి తెలియనివ్వకండి, తట్టుకోలేరు" అంటాడు. ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ దాస్తారు. దీన్ని మా అటెండర్, రిటైరైన సిస్టర్ కలిసి చేసి చూపించారు, స్క్రిప్టు లేకుండా. ఆ రోజు ఎవరూ నవ్వలేదు. పిల్లలకి నేను ఇచ్చిన మాట ఒక్కటే: కొడుకుతో "చెప్పను" అనీ అనకు, "చెప్తాను" అనీ అనకు, "చెప్తే ఏమవుతుందని భయం బాబూ?" అని అడుగు, ఆ తర్వాత ఇన్‌ఛార్జి సిస్టర్‌ని పిలువు.

ఇప్పటిదాకా: 9 గంటలు, రూ.950 (ఇద్దరికీ భోజనం, ఆటో).

దశ 3: నొప్పి కొలత

సున్నా నుంచి పది స్కేలు. పుస్తకంలో అరపేజీ. వార్డులో మొదటి రోజే బోల్తా పడింది. డెబ్బై ఏళ్ళాయన్ని "సున్నా అంటే నొప్పి లేదు, పది అంటే భరించలేనంత, మీది ఎంత?" అంటే ఆయన "మూడు" అన్నాడు. కేసు షీటులో మూడు అని రాసింది మా అమ్మాయి. నుదురంతా చెమట, మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని ఉన్నాడు. నేను మళ్ళీ అడిగితే తెలిసింది, ఆయన మూడు చోట్ల నొప్పి అని చెప్పాడట.

అప్పుడు పక్క మంచం ఆవిడ మా మాటలు విని, "నిన్నటికి పన్నెండణాలు తగ్గిందమ్మా, ఇంక నాలుగణాలుంది" అంది, తన నొప్పి గురించి. స్కేలు అక్కడే దొరికింది. మర్నాటి నుంచి పెద్దవాళ్ళని "రూపాయికి ఎంత ఉంది నొప్పి?" అని అడిగించాను. అణాలు మర్చిపోయిన వయసువాళ్ళకి పావలా, అర్ధరూపాయి, ముప్పావలా. పావలా అంటే రెండు లేదా మూడు, అర్ధరూపాయి ఐదు, ముప్పావలా ఏడు లేదా ఎనిమిది అని పిల్లలు జేబులో పెట్టుకునే కార్డు వెనక వేసుకున్నాం. దీన్ని ఎవరూ పరీక్షించి సరిచూడలేదు, రికార్డులో పది స్కేలే రాయాలి. అడగడానికి మాత్రం ఇదే పనికొస్తోంది.

నొప్పి మాటలు కూడా కార్డు మీద ఎక్కించాం. ఇంగ్లీషు పాఠంలో "బర్నింగ్, షూటింగ్" అని బట్టీ పట్టిన పిల్లలు, రోగి "జివ్వుమని లాగుతోంది" అంటే అదే ఇదని పోల్చుకోలేకపోతున్నారు. మంట, తిమ్మిరి, జివ్వుమనడం, సూదులు గుచ్చినట్టుండటం, కరెంటు కొట్టినట్టుండటం, ఇవి నరాల నొప్పి వైపు చూపిస్తాయి, మార్ఫిన్ (గట్టి నొప్పి మందు) ఒక్కదానికే లొంగకపోవచ్చు, డాక్టర్‌కి ఆ మాటే చెప్పాలి. సలుపు, పోటు, బరువు వేరే వరసలో వేశాం. "పీకేస్తోంది" ఎటు వెయ్యాలో ఇప్పటికీ తేలలేదు, ఎముక నొప్పికీ అంటారు, నరానికీ అంటారు, విసుగొచ్చినా అంటారు. మాట్లాడలేని వాళ్ళకి మొహం, మూలుగు, ఊపిరి, ఒంటి బిగువు, ఓదారిస్తే తగ్గడం, ఈ ఐదూ చూసే పెయినాడ్ స్కేలు అదే కార్డు మీద.

మొదట మామూలు కాగితం మీద ఇచ్చాను, వారంలో జేబుల్లో ఉతికేశారు. ల్యామినేషన్ చేయించాక బతికాయి.

ఇప్పటిదాకా: 11 గంటలు, రూ.1,550 (50 కార్డులు, ఒక్కోటి రూ.12).

దశ 4: చేతి పని

కొన్నవి: స్పాంజి షీట్లు రూ.240, రెక్సిన్ రూ.160, స్కాల్ప్ వెయిన్ సెట్లు (గొట్టం ఉన్న సన్న సూదులు) 24కి రూ.288, గాజు గుడ్డ, దూది, స్పాచులాలు రూ.310, పుండు బొమ్మకి మైదా, రంగులు, సాసు రూ.142, మెట్రోనిడజోల్ మాత్రలు రూ.60.

చర్మం కింద సూది పెట్టడం: స్పాంజి మీద రెక్సిన్ బిగించి దాన్నే పొట్ట అనుకున్నాం. రెక్సిన్ మరీ గట్టిది, సూది వంగింది. పాత గ్లౌజు రెండు పొరలు వేస్తే చర్మంలా చిటికెతో పైకి లేస్తోంది. రూ.160 దండగ.

నోరు శుభ్రం చెయ్యడం: ఎండిపోయిన నోరు ఎలా ఉంటుందో తెలియాలని రెండు రస్కులు తిని, నీళ్ళు తాగకుండా పడుకోమన్నాను, జత అమ్మాయి తడి గాజు గుడ్డతో శుభ్రం చెయ్యాలి. మూడో జతలో ఒకమ్మాయికి పొలమారింది. వెంటనే ఆపేశాను. పడుకున్న మనిషి నోట్లో పొడి ముక్కలు పెట్టించడం నా బుద్ధి తక్కువ, దయచేసి ఇది ఎవరూ చేయకండి. ఇప్పుడు: తినేది ఏమీ లేదు, పది నిమిషాలు నోరు తెరిచి నోటితోనే ఊపిరి పీల్చుకుంటూ పడుకోవాలి, ఆ తర్వాత తల పక్కకి తిప్పి, వేలికి చుట్టి బాగా పిండిన గాజు గుడ్డతో పెదవులు, చిగుళ్ళు, నాలుక. పది నిమిషాలకే విలవిల్లాడారు. ఇది 48 మందీ రెండేసిసార్లు చేశారు, మొత్తం 20 గంటల్లో బాగా పనిచేసిందేదంటే ఇదే చెప్తాను.

పుండు: మైదా ముద్ద, ఎర్రరంగు, టమాటా సాసు, దాని మీద మెట్రోనిడజోల్ మాత్ర మెత్తగా నూరి చల్లి డ్రెస్సింగ్. వాసన పోగొట్టడానికి డాక్టర్లు రాసేది అదే. కానీ వాసన లేని పుండుతో మొహం ముడవకుండా ఉండటం ఎలా నేర్పాలి? అందుకని ఎండుచేపలు నానబెట్టిన నీళ్ళు పోశాను. మధ్యాహ్నానికి ఆ కంపు కారిడార్ దాటి ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్ళింది, సాయంత్రానికి చీమలు, మర్నాడు నాకు మెమో ఒక్కటే తక్కువ. పాఠం మాత్రం బాగా ఎక్కింది. మొదటి గంటలో మొహం తిప్పుకున్నవాళ్ళని లెక్కపెట్టడం మానేశాను, రెండో గంటకి మాస్కు లోపల కాఫీ పొడి అద్దుకునే చిట్కా వాళ్ళే కనిపెట్టారు.

ఇప్పటిదాకా: 16 గంటలు, రూ.2,750.

దశ 5: మార్ఫిన్

ముందు భయం. "మార్ఫిన్ ఇస్తే ఊపిరి ఆగిపోతుంది, అలవాటైపోతుంది" అని 48 మందిలో 44 మంది రాశారు. మార్ఫిన్ అంటే చావు ముందు ఇచ్చే మందు అని స్టాఫ్ నర్సుల్లోనే ఉంది, పిల్లల్ని ఏమంటాం. 1985 నాటి మాదకద్రవ్యాల ఎన్‌డీపీఎస్ చట్టం తర్వాత ఆసుపత్రులు లైసెన్సుల గొడవ పడలేక ఆ మందునే వదిలేశాయి. 2014 సవరణతో మార్ఫిన్, ఫెంటనిల్, మెథడోన్, కోడీన్, ఆక్సికోడోన్, హైడ్రోకోడోన్ అనే ఆరు మందుల్ని అత్యవసరమైనవిగా గుర్తించి, గుర్తింపు పొందిన ఆసుపత్రికి ఒకే అనుమతి చాలనేలా మార్చారు. చట్టం మారి ఇన్నేళ్ళైనా భయం తరం నుంచి తరానికి అందుతోంది, ఎవరు నేర్పుతున్నారంటే మనమే.

స్టూడెంట్లు మందు రాయరు. కానీ తప్పు పట్టుకోవాలి. కాబట్టి లెక్క:

1. నాలుగు గంటలకోసారి నోటితో 10 మిల్లీగ్రాములు. రోజుకి 60.
2. మధ్యలో నొప్పి తన్నుకొస్తే అదనపు డోసు ఆరో వంతు, అంటే 10.
3. మింగలేకపోతే చర్మం కింద మూడో వంతు, అంటే రోజుకి 20.
4. రాత్రి పదికి రెట్టింపు డోసు ఇస్తే రెండింటికి లేపక్కర్లేదు.
5. మొదటి మాత్రతోనే విరేచనం సాఫీగా అయ్యే మందు మొదలయిందా?

మొదటిసారి మూడో లెక్క 19 మంది తప్పు చేశారు, వాళ్ళలో 14 మంది నోటి డోసునే చర్మం కిందికి యథాతథంగా వేశారు. అంటే మూడింతలు. ఐదోది 31 మంది అసలు రాయలేదు. నాలుగు రోజులు విరేచనం కాని మనిషి నొప్పి కంటే దానికే మార్ఫిన్ మానేస్తాడని చెప్పాక రెండో టెస్టులో ఐదుగురే వదిలేశారు.

ఎవరో ఒకరు కారుణ్య మరణం గురించి కూడా తప్పకుండా అడుగుతారు. అరుణా షాన్‌బాగ్ (దాడికి గురై మళ్ళీ కోలుకోని నర్సు) కేసు పిల్లలకి తెలుసు, 2011 సుప్రీంకోర్టు తీర్పు దాకా. 1973 నుంచి 2015లో ఆవిడ పోయేదాకా ముంబయి కేఈఎం ఆసుపత్రిలో తోటి నర్సులు తరాలు మారుతూ ఆవిడని చూసుకున్నారన్నది మాత్రం కొత్త సంగతిలా విన్నారు. లివింగ్ విల్లుని (ఆఖరి దశలో ఏ చికిత్స వద్దో ముందే రాసిపెట్టడం) ఒప్పుకున్న 2018 తీర్పు, దానికి మేజిస్ట్రేటు బదులు నోటరీ లేదా గెజిటెడ్ అధికారి సంతకం చాలన్న 2023 మార్పు పది నిమిషాల్లో ముగించాను.

ఇప్పటిదాకా: 18 గంటలు, రూ.2,846.

దశ 6: ఊపిరి ఉండగానే ఇంటికి

మా వైపు చాలామంది ఆసుపత్రిలో పోవాలనుకోరు. "ఊపిరి ఉండగానే తీసుకెళ్ళిపోతాం" అంటారు, అంబులెన్సు మాట్లాడుకుంటారు, గంటలో మంచం ఖాళీ. కేసు షీటులో "వైద్య సలహాకి విరుద్ధంగా" అని రాసి పంపేస్తారు, చేతిలో ఒక్క మాత్ర ఉండదు. సిలబస్‌లో ఈ గంట లేదు, నేనే పెట్టాను. ఇంటికి ఇచ్చి పంపే డబ్బాలో ఏముండాలి, ఎవరు ఏం చెప్పాలి అన్నదాని మీద రెండు గంటలు.

ఇంటివాళ్ళకి చెప్పాల్సినవి వాళ్ళ మాటల్లోనే రాసుకున్నాం. ఎగశ్వాస వస్తుంది, మధ్యమధ్యలో ఊపిరి ఆగి మళ్ళీ మొదలవుతుంది. గొంతులో గురగుర వస్తుంది, అది చూసేవాళ్ళకి ఉన్నంత బాధ ఆయనకి ఉండకపోవచ్చు, పక్కకి తిప్పి పడుకోబెట్టండి. (వార్డులో మా పిల్లలు ఆ చప్పుడు వినగానే గొంతులో కఫం లాగేసే సక్షన్ మెషిన్ వైపు పరిగెత్తారు. లోతుగా సక్షన్ చేస్తే ఆయనకి ఇంకా బాధ, అవసరమైతే ఆ గురగుర తగ్గించే బస్కోపాన్ మందు డాక్టరు రాస్తారు.) మంచం మీంచి కిందికి దించుతారు కదా, దించే అరగంట ముందు నొప్పి మందు పడేలా చూడండి. తులసి తీర్థం వద్దనకూడదు, కానీ చెంచాతో పొయ్యొద్దు, దూదితో పెదవులు తడపండి, అదే తీర్థం. జమ్‌జమ్ నీళ్ళకీ అదే మాట.

ఇప్పటిదాకా: 20 గంటలు, రూ.3,250 (డబ్బా సామాను రూ.404).

దశ 7: పోస్టింగ్, నేను చేసిన పెద్ద తప్పు

మొదటి రెండు బ్యాచ్‌లు సాఫీగా అయ్యాయి. ఒకటే చెప్తాను. ఒక తాతగారు మూడుసార్లు అడిగారు, "కాలవ వదిలారా?" అని. జూన్ మొదటి వారం. మా అబ్బాయి మూడుసార్లూ "మీరు రెస్ట్ తీసుకోండి తాతగారూ" అన్నాడు. మర్నాడు వేరే అమ్మాయి ఆయన కొడుక్కి ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. వదిలారట, నారుమడికి దున్నుతున్నారట. ఆయన గంటసేపు ఎవరెవరి చేలు ఎవరు చెయ్యాలో చెప్పారు, ఆ తర్వాత "నేను నాట్లకి ఉండను కదా" అన్నారు, ఆమె ఎనిమిది లెక్కపెట్టింది.

మూడో బ్యాచ్‌లో, మంగళవారం పదకొండుంపావుకి, యాభై దాటిన ఒకావిడ పోయారు. మా అమ్మాయి ఒక్కతే మంచం దగ్గరుంది, ఇంటివాళ్ళు బిల్లు కౌంటర్ దగ్గర. ఊపిరి మారగానే స్టాఫ్‌ని పిలిచింది, పక్కకి తిప్పింది, చెయ్యి పట్టుకుంది. నేర్పినవన్నీ చేసింది. నేను వచ్చి "చాలా బాగా చేశావమ్మా" అన్నాను. పన్నెండింటికి నాలుగో మంచం వైటల్స్ చూడమని పంపేశాను.

రెండు రోజులు రాలేదు. హాస్టల్‌కి వెళ్తే అన్నం తినట్లేదని చెప్పారు. చాలాసేపు గోడవైపు తిరిగి కూర్చుని, చివరికి అంది: "నేను పక్కకి తిప్పాను కదా మేడమ్, తిప్పిన రెండు నిమిషాలకే పోయారు."

20 గంటల్లో ఈ మాట నేను ఎక్కడా చెప్పలేదు. ఎవరో ఒకరు ఆఖరిసారి తిప్పుతారు, ఎవరో ఒకరు ఆఖరి డోసు ఇస్తారు, ఎవరో ఒకరు ఆఖరి చెంచా నీళ్ళు పోస్తారు, ఆ పని వల్ల కాదు, జబ్బు వల్ల పోయారని. పదిహేనేళ్ళ సర్వీసులో నాకూ ఒక ఇంజెక్షన్ ఇలాగే గుర్తుంది. దాన్ని ఎవరికీ చెప్పలేదు కాబట్టి పాఠంలో పెట్టాలని తట్టలేదు కూడా. ఆ రోజు ఆ అమ్మాయికి చెప్పాను. శుక్రవారం వచ్చింది.

నాలుగో బ్యాచ్ నుంచి మార్చినవి:

1. దశ 5లో, దశ 6లో "ఆఖరి పని" గురించి పదిహేను నిమిషాలు. ఇంటివాళ్ళకి కూడా చెప్పాలి, ఆఖరి చెంచా పోసిన కొడుకు ఏళ్ళ తరబడి దాన్నే తలుచుకుంటాడు.
2. మరణం జరిగితే ఆ స్టూడెంట్‌కి ఆ రోజు వేరే మంచం లేదు. పక్కన నేనో, సీనియరో.
3. ప్రతి బ్యాచ్‌కీ చివర 45 నిమిషాలు లినెన్ గదిలో కూర్చోవడం, టీతో. నోట్సు రాయం, మార్కుల్లేవు. ఎవరూ మాట్లాడకపోయినా 45 నిమిషాలూ కూర్చుంటాం. మొదటి మూడు బ్యాచ్‌లకీ ఆలస్యంగానైనా పెట్టాను.
4. పోస్టింగ్ మొదలవకముందే ఒక చీటీ: ఈ ఏడాదిలో ఇంట్లో ఎవరైనా పోయారా, పోస్టింగ్ వాయిదా కావాలా? మిగిలిన 30 మందిలో ఏడు చీటీలు వచ్చాయి, ముగ్గురికి వాయిదా వేశాను. ఇది మొదటి రోజే ఇవ్వాల్సింది.

ఈ కూర్చోవడాలకి పట్టిన ఆరు గంటలు ఏ టైంటేబుల్లోనూ లేవు, వర్క్‌లోడ్ షీటులో చూపిస్తే కొట్టేశారు.

మొత్తం: 20 గంటలు, పైన లెక్కలోకి రాని 6, రూ.3,890 (టీలు ఎనిమిది బ్యాచ్‌లకి రూ.640).

వచ్చే బ్యాచ్‌కి ముందు చెయ్యాల్సినవి

చూపు చెప్పుల మీదికి పోకుండా ఏదైనా ఉపాయం. రెక్సిన్ కొనకూడదు. నైట్ డ్యూటీలో పిల్లలు ఎవరితో మాట్లాడాలో తేల్చాలి, ఎందుకంటే మరణాలు ఎక్కువగా మేం ఇంటికెళ్ళాకే జరుగుతున్నాయి, నా ఫోన్ నంబరు ఇచ్చాను గానీ రాత్రి రెండింటికి మేడమ్‌కి ఫోన్ చేసే పిల్ల ఎవరు? అటెండర్‌గారు మళ్ళీ వస్తానన్నారు, ఈసారి భోజనం వద్దట, ఆటో చాలట. ఎండుచేపల నీళ్ళు మూత బిగిసే సీసాలో.